కట్ట మీద పెద్ద బాస్

చీకటి పడ్డాక విట్‌క్రాన్స్ డ్యామ్ కట్ట మీద నుంచి ఎవరూ నడవరు. పక్క ఫారానికి అదే దగ్గర దారి. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తే గంట పైనే పడుతుంది. అయినా సరే, గంటసేపు తడుస్తూ నడుస్తారు గానీ కట్ట ఎక్కరు. తాగి తూలుతున్నవాడు కూడా కట్ట వైపు తిరిగే మలుపు దగ్గరికి రాగానే తెలివి తెచ్చుకుని రోడ్డు పడతాడు.

ఎందుకంటే కట్ట నడిమధ్యన ఓ సమాధి ఉంది. అందులో పెద్ద బాస్ ఉన్నాడు... ఉన్నాడంటే, చచ్చినవాడు ఉండాల్సినంత కుదురుగా లేడు.

నేను ఆ కట్ట కింద ఇళ్ళలోనే పుట్టాను. దక్షిణాఫ్రికాలో సెరెస్ ఊరి పైన కొండల్లో ఆపిల్ షెడ్డుల్లో కాయలు ఏరుతూనే ముసలిదాన్నయ్యాను. ఊరికే భయపెట్టడానికి కథలల్లే ఓపిక నాకు లేదు. ఇది మా వదిన ద్రీనాకి జరిగింది. సగం దాని నోట విన్నాను, సగం నా కళ్ళతో చూశాను.

ముందు పెద్ద బాస్ సంగతి చెప్పాలి. పేరు ఇజాక్ లాటెగన్, మా ఫారం యజమాని. ఆ డ్యామ్ సర్కారుది కాదు, ఆయన సొంతం. కంచరగాడిదలతో మట్టి తోలించి, మా తాతల చేత తొక్కించి, లోయకి అడ్డంగా ఆ కట్ట లేపాడు. పెళ్ళాన్ని అంత ప్రేమగా చూసుకుని ఉంటే ఆవిడ ఇంకో పదేళ్ళు బతికేదని మా అమ్మ అంటుండేది.

రోజూ రాత్రి భోజనం కాగానే గునపం పట్టుకుని కట్ట ఎక్కేవాడు. ఓ చోట పోటు వేసేవాడు. చెవి పక్కకి వంచి వినేవాడు. ఇంకో అడుగు, ఇంకో పోటు. మట్టి మొద్దుగా పలికితే సరే. డొల్లగా పలికిందా... లోపల ఎలుకో, ఇంకేదో బొరియ చేసిందన్నమాట. రాత్రికి రాత్రే తవ్వించి, బంకమట్టి కూరించి గానీ పడుకోనిచ్చేవాడు కాదు.

టక్... టక్... టక్...

కింద ఇళ్ళలో మేం పిల్లలం ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేవాళ్ళం. అదే మాకు జోలపాట. ఆ చప్పుడు వినపడుతోందంటే కట్ట గట్టిగా ఉందని అర్థం.

పోయేముందు ఆయన ఓ మాట అడిగాడు. ఇంటి వెనక సొంత శ్మశానం ఉంది, అక్కడ భార్య ఉంది, తండ్రి ఉన్నాడు. అక్కడ కాదట. "నన్ను కట్టలో పెట్టండి. నా గునపం పక్కన పెట్టండి."

ఇక్కడి రైతులు తమవాళ్ళని తమ పొలంలోనే పూడ్చుకోవడం కొత్తేం కాదు. కానీ నీళ్ళు ఆపే కట్టని తవ్వి మనిషిని పెట్టడం ఎక్కడైనా ఉందా? వీళ్ళు పెట్టారు. గుంట తవ్వి, చుట్టూ ఇటుక కట్టి, పైన పెద్ద బండ పరిచి, ఇనుప కంచె వేశారు. కొడుకు బెర్టుస్ వారం వారం పూలు పెట్టేవాడు.

ఆ తర్వాత మొదలైంది. వానరాత్రుల్లో కట్ట మీద చప్పుడు... టక్... టక్... తలుపు కొట్టుకుంటోందని కొందరన్నారు. కట్ట మీద తలుపెక్కడిదని ఇంకొందరన్నారు.

ఓసారి షెడ్డులో అటీ అనే కుర్రాడు గట్టిగా అనేశాడు - "పెద్ద బాస్‌కి అక్కడ కూడా సెలవు దొరకలేదర్రా, నైట్ డ్యూటీ వేశారు." అందరం పగలబడి నవ్వాం. వెనక బెర్టుస్ నిలబడి ఉన్నాడు.

సాయంత్రానికల్లా అటీ మంచం, పొయ్యి, పెళ్ళాం, పిల్లలు ట్రక్కు ఎక్కారు. మా ఇళ్ళు ఫారానివి. పని పోతే ఇల్లూ పోయినట్టే. ఆరోజు నుంచి ఆ సమాధి గురించి ఎవరి నోరూ లేవలేదు.

నీటి శాఖ మనిషి ఒకాయన అప్పుడప్పుడూ వచ్చి కట్ట చూసి వెళ్ళేవాడు. కట్ట మీద చెట్టు ఉండకూడదు, గొయ్యి ఉండకూడదు, సమాధి అసలే ఉండకూడదనేవాడు. "నా భూమి, నా డ్యామ్, నా తండ్రి" అనేవాడు బెర్టుస్. "కింద ఇళ్ళలో వాళ్ళు మీవాళ్ళు కాదుగా" అని ఆయన ఒక్క మాటన్నాడట. బెర్టుస్ కాఫీ పోసి, బిస్కెట్లు పెట్టి సాగనంపాడు.

ఇక మా వదినకి అది జరిగిన ఏడాది సంగతి. అంతకుముందు వేసవి ఒట్టిపోయింది. ఆపిల్ కాయలు ఉసిరికాయలంత కాసి రాలిపోయాయి. మాకు వానలు పడేది చలికాలంలో. అందుకని అవి మొదలవగానే బెర్టుస్ అలుగుకి అడ్డంగా చెక్కలు బిగించాడు. చెక్కల వెనక ఇసుక బస్తాలు పేర్చాడు. పొర్లిపోయే నీళ్ళు పోకుండా ఇంకాస్త నిలవ ఉంటాయని ఆశ. ఈ చుట్టుపక్కల ఆ పని చెయ్యని రైతు లేడు. అయితే వాళ్ళ కట్టల్లో సమాధులు లేవు.

నీళ్ళు పెరిగాయి. మేమెవరం ఎన్నడూ చూడనంత పైకి పెరిగాయి. మా వాకిట్లో నిలబడి తలెత్తితే కట్ట అంచున బాతులు ఈదుతూ కనపడేవి. మా చిమ్నీలకన్నా ఎత్తున బాతులు... నాకు అది చూడ్డమే నచ్చలేదు.

అప్పుడే మా వదిన కూతురు మెర్ల్‌కి కాన్పయింది. ఆడపిల్ల. కళ్ళింకా సరిగ్గా తెరవలేదు గానీ గొంతు మాత్రం వాళ్ళమ్మమ్మదే. ఓ రాత్రి కడుపునొప్పితో గుక్కపట్టి ఏడుస్తోంది. బుచూ ఆకు కాచి పట్టినా తగ్గలేదు. పక్క ఫారంలో సానా పెద్దమ్మ దగ్గర పసిపిల్లలకిచ్చే చుక్కల మందు ఉంటుంది. మా వదిన శాలువా కప్పుకుని బయల్దేరింది.

మా వదినకి దెయ్యాలంటే భయం లేదు. బాస్ అంటే కూడా పెద్దగా లేదు. "దెయ్యాలే నన్ను చూసి దారి తప్పుకుంటాయి" అనేది. అన్నయ్యనడిగితే అది నిజమేననేవాడు.

వెళ్ళేటప్పుడు రోడ్డు మీదే వెళ్ళింది. మందు సీసా రవికలో దోపుకుని తిరిగొస్తుంటే వాన కుండపోత అయింది. ఇంటి దగ్గర పసిది ఏడుస్తూ ఉంటుంది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది... కట్ట ఎక్కేసింది.

సగం దూరం బాగానే వచ్చింది. అప్పుడు గమనించింది - నీళ్ళు. ఎప్పుడూ కట్ట మీద నిలబడి కిందకి చూస్తే ఎక్కడో లోతున ఉండే నీళ్ళు, ఆ రాత్రి వంగితే చేతికి తగిలేలా ఉన్నాయి. చీకట్లో ఆ నీళ్ళు కట్టని నాకుతున్న చప్పుడు...

సమాధి దగ్గరికొచ్చింది. తల తిప్పకుండా దాటిపోదామనుకుంది.

టక్.

ఆగింది. కంచె గాలికి కదిలిందేమో.

టక్... టక్...

గాలి లేదు. వాన నిటారుగా పడుతోంది. ఆ చప్పుడు పక్క నుంచి రావడం లేదు... కింద నుంచి వస్తోంది.

మొండిది కదా. కంచెలోంచి చెయ్యి పెట్టి బండ మీద అరచెయ్యి ఆనించింది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఇప్పటికీ ఆ చెయ్యి గౌనుకేసి తుడుచుకుంటుంది.

"తగిలిందే లెట్టీ... నా అరచేతికి తగిలింది. లోపల్నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు."

పరిగెత్తాలనుకుంది. అప్పుడు వాళ్ళ అవ్వ చెప్పింది గుర్తొచ్చిందట. చచ్చినవాళ్ళు తలుపు కొడితే పారిపోకూడదు, పారిపోతే వెంట ఇంటికొస్తారు. నిలబడి, ప్రభువు పేరట ఏం కావాలో అడగాలి. ఇంటి దగ్గర పసిగుడ్డుంది. దీన్ని వెంటేసుకుని ఇంటికి పోవడమా?

కంచె పట్టుకుని అడిగింది.

"ప్రభువు పేరట అడుగుతున్నా పెద్ద బాస్... నీకేం కావాలి?"

చప్పుడు ఆగిపోయింది.

వాన ఒక్కటే వినపడుతోంది... తర్వాత - టక్ టక్ టక్ టక్ టక్ - ఊపిరి పీల్చుకోకుండా, తొందరగా, కోపంగా, బతిమాలుతున్నట్టుగా.

మా తలుపు బాదితే నేనే తీశాను. శాలువా ఎక్కడో పడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మందు సీసా మాత్రం గుప్పిట్లో ఉంది. ముందు పసిదానికి ఆ చుక్కలు పట్టి, అన్నయ్యని కూడా పిలిచి, మెర్ల్‌కి వినపడకుండా గుసగుసగా మొత్తం చెప్పింది.

మానుస్ అన్నయ్య విని, లేచి తలుపు గడియ పెట్టాడు. "నోర్మూసుకుని పడుకో. నువ్వేం వినలేదు."

"విన్నాను."

"అటీ గతి మర్చిపోయావా? బాలింతనీ పసిదాన్నీ ఈ వానలో ట్రక్కు ఎక్కిస్తావా?"

"ఆయన ఏదో అడుగుతున్నాడు మానుస్. నన్ను కాదు. కొడుకునడుగుతున్నాడు."

"అడగనీ. పొద్దున్న ఆ కొడుకే వెళ్ళి పూలు పెట్టుకుంటాడు."

"పొద్దున్న దాకా ఆగే చప్పుడు కాదది" అంది మా వదిన. అన్నయ్య తిట్టాడు, బతిమాలాడు, తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చివరికి పక్కకి జరిగాడు. దాన్ని ఒక్కదాన్ని పంపలేక నేనూ వెంట నడిచాను. నిజం చెప్పాలంటే నాకు దెయ్యం కన్నా బెర్టుస్ అంటేనే ఎక్కువ భయం. దారి పొడుగునా మనసులో సామాన్లు సర్దుకుంటూనే ఉన్నాను.

పెద్ద ఇంట్లో దీపం వెలుగుతోంది. కుక్కలు అరిచాయి. బెర్టుస్ మేజోళ్ళతో వచ్చి తలుపు తీశాడు. వెనక చలిమంట వెచ్చగా మండుతోంది.

"బాస్... మీ నాన్నగారు బండని లోపల్నుంచి కొడుతున్నారు."

ఆయన మొహం నల్లబడింది.

"తాగావా ద్రీనా?"

"నోరు వాసన చూడండి."

"ఈ మాటకి పొద్దున్న ఇల్లు ఖాళీ చెయ్యాలి. తెలుసుగా?"

"చేస్తాను. మీరు ఒక్కసారి వచ్చి వినండి. వినపడకపోతే ట్రక్కు కూడా అక్కర్లేదు, మంచం నెత్తిన పెట్టుకుని నేనే పోతాను."

ఎందుకొచ్చాడో నాకు ఇప్పటికీ తెలీదు. బహుశా ఆయనకీ ఎప్పుడో ఆ చప్పుడు వినపడే ఉంటుంది. కోటు వేసుకుని, టార్చి పట్టుకుని, బండి తీశాడు. మమ్మల్ని వెనక ఎక్కించుకున్నాడు.

కట్ట మీద సమాధి చుట్టూ ముగ్గురం నిలబడ్డాం.

ఏం లేదు.

వాన... నీళ్ళ చప్పుడు... నా గుండె చప్పుడు. మా వదిన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందో పెద్ద బాస్‌ని తిడుతోందో. ఎంతసేపు నిలబడ్డామో. బెర్టుస్ టార్చి ఆర్పి, మావైపు తిరిగాడు.

"అయిందా?"

పోయింది, ఇల్లు పోయింది అనుకున్నా.

టక్.

అంత మనిషీ కంచె దాటి లోపలికి దిగాడు. బండ మీద బోర్లా పడి చెవి ఆనించాడు. టక్... టక్... ఒక్కో చప్పుడుకీ ఆయన భుజాలు అదురుతున్నాయి.

"నాన్నా..." అన్నాడు. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

లేస్తూ టార్చి వెలిగిస్తే, వెలుతురు సమాధి దాటి కట్ట అవతలి వాలు మీదకి జారింది. మా ఇళ్ళ వైపు వాలు. అక్కడ గడ్డి పడుకుని ఉంది. గడ్డి మధ్యలోంచి నీళ్ళు వస్తున్నాయి. మణికట్టంత లావున, సమాధికి సరిగ్గా కిందన.

మా కట్ట ఎప్పుడూ కాస్త చెమరుస్తూనే ఉంటుంది. ఆ చెమట తేటగా ఉన్నంతకాలం భయం లేదు, మట్టి కట్టలన్నీ అంతే. ఈ నీళ్ళు తేటగా లేవు. పాలు కలిపిన టీ రంగులో ఉన్నాయి. అంటే నీటితోపాటు కట్ట కూడా లోపల్నుంచి కరిగి బయటికొచ్చేస్తోందన్నమాట. ఆ సంగతి బెర్టుస్‌కి ఒకరు చెప్పాలా... ఆ తండ్రి కొడుకు.

"బుంగ పడింది" అన్నాడు మెల్లగా. తర్వాత అరిచాడు. "ఇళ్ళు ఖాళీ చేయించండి. అందర్నీ షెడ్డు గుట్ట మీదకి. పొండి!"

వాలు మీద ఎలా దిగామో నాకు గుర్తులేదు. తలుపు తలుపూ బాదాం. ఎవరూ ఎందుకని అడగలేదు, మా మొహాలే చెప్పాయి. మెర్ల్‌ని అన్నయ్య ఎత్తుకున్నాడు. పసిదాన్ని మా వదిన దుప్పట్లో చుట్టి గుండెకి హత్తుకుంది. కాళ్ళ కింద బురద, వెనక ఆ కట్ట... ఏ క్షణాన మీద పడుతుందో అని తిరిగి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం.

గుట్ట ఎక్కుతుండగా గొడ్డలి దెబ్బలు వినపడ్డాయి. బెర్టుస్ అలుగులో నడుములోతు నీళ్ళలో దిగి తను బిగించిన చెక్కల్ని తనే నరుకుతున్నాడు. మెర్ల్‌ని దింపి అన్నయ్యా, మిగతా మగాళ్ళూ పరిగెత్తారు. కొందరు తూము ఎత్తారు. కొందరు బుంగ నోటి మీద ఇసుక, ఇసుక మీద కంకర పోశారు. చెక్కలు విరిగినప్పుడు అలుగు ఒక్క పెట్టున గర్జించింది. పసిది ఉలిక్కిపడి లేచి, మా వదిన గొంతు దగ్గర మొహం దాచుకుంది.

తెల్లారింది. సమాధి కింద వాలు సగం జారిపోయి, ఆవు పట్టేంత గొయ్యి పడింది. కానీ నీళ్ళు అప్పటికే దిగిపోయాయి. కట్ట నిలబడింది. మా వాకిళ్ళలో మోకాలిలోతు బురద తప్ప ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

నీటి శాఖ ఆయన వచ్చాడు. అంతా చూసి, మా వదిన చెప్పింది విని నవ్వాడు. "దెయ్యమూ లేదు, ఏమీ లేదమ్మా. అలుగు మూసేసరికి కట్టలో తేమ పైకి ఎక్కింది. ఇటుక గుంట నిండా నీళ్ళు చేరాయి. చెక్క పెట్టె తేలుతుంది కదా. తేలి, పైన బండకి తగిలింది. అంతే."

హమ్మయ్య అనుకున్నాం. నిజంగానే గుండెల మీంచి బండ దిగినట్టయింది. షెడ్డులో మా వదినని ఏడిపించని వాళ్ళు లేరు. "తొట్లో తేలే చెంబుని ప్రభువు పేరట ప్రశ్నలడిగిందర్రా" అనేవాళ్ళు. అదీ నవ్వేది. బెర్టుస్ వినేవాడు, తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. ఈసారి ఎవరి మంచమూ ట్రక్కు ఎక్కలేదు.

కట్ట బాగుచెయ్యాలంటే సమాధి తియ్యాలి. వానలు వెనకబట్టాక, ఎండ కాసిన ఓ రోజు తీశారు. నీటి శాఖ ఆయన ఉన్నాడు, బెర్టుస్ ఉన్నాడు. పసిదాన్ని చంకనేసుకుని మా వదినా, పక్కన నేనూ. అన్నయ్యా ఇంకొందరూ కలిసి బండ పక్కకి దొర్లించారు.

అందరం తొంగిచూశాం.

పెట్టె లేదు.

పెట్టె అనదగ్గది లేదు. ఎప్పుడో ఏళ్ళ కిందటే చెక్క చివికి నల్లటి పొట్టు అయిపోయింది. దాని మీద మట్టి దిగి గట్టిపడింది. ఆ మట్టిలోంచి వేళ్ళు అల్లుకుపోయాయి. అన్నయ్య పార దింపబోతే దిగలేదు, కాలితో తొక్కాల్సొచ్చింది. అందులోంచి గడ్డిపోచ కూడా తేలే వీలు లేదు.

నీటి శాఖ ఆయన గొంతుకూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"మరి... ఏం తేలింది సార్?" అంది మా వదిన, చాలా మెల్లగా.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఎముకల్ని ఒక్కొక్కటే తెల్లటి దుప్పట్లో పెట్టారు. ఆఖర్న అన్నయ్య మట్టిలోంచి గునపం లాగాడు. నిలువెల్లా తుప్పు, చెట్టు బెరడులా పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. బెర్టుస్ చేతికిచ్చాడు. ఆయన దాన్ని పై నుంచి నిమురుతూ నిమురుతూ కొస దాకా వచ్చి... ఆగాడు.

బొటనవేలితో మట్టి తుడిచాడు.

కొస దగ్గర జానెడు మేర తుప్పు లేదు. రోజూ పొలంలో వాడే పార అంచులా, తెల్లగా మెరుస్తోంది.

బెర్టుస్ దాన్ని దుప్పట్లో తండ్రి పక్కన పడుకోబెట్టాడు. అంచులు కప్పి, దాని మీదకి వంగాడు.

"నాన్నా, ఇక పడుకో" అన్నాడు. "ఇవాళ్టి నుంచి రాత్రిళ్ళు నేను తిరుగుతా."

ఆయన ఆ మాట అంటున్నంతసేపూ మా వదిన పసిదాని వీపు నిమురుతూనే ఉంది.